నోటికి తపస్కాలం

27 ఫిబ్రవరి 1979, మంగళవారం

మాట్లాడకూడదట. గుసగుస కూడా వద్దట. ఈస్టరు పండుగ దాటేదాకా నోట్లోంచి ఒక్క ముక్క రాకూడదని హనుమకొండ డాక్టరుగారు గట్టిగా చెప్పారు. అందుకే బడిలో మిగిలిపోయిన ఈ నోటుబుక్కు ఇంటికి తెచ్చుకున్నాను. లోపలి మాటలు ఎటో ఒకవైపు పోవాలి కదా, లేకపోతే నాకు అజీర్తి చేస్తుంది.

గొంతులో కాయలు కాశాయట, గడ్డపార పట్టేవాళ్ల అరచేతుల్లో కాసినట్టు. కాయవా మరి! ఇన్నేళ్లుగా రెండో తరగతి పిల్లలకు ఎక్కాలు అరిచి చెప్పాను. గుడిలో ప్రతి ఆదివారం పాట ఎత్తుకునేది నేనే. ఇక ఇంట్లో ఆయన సంగతి సరేసరి. కాజీపేట లోకోషెడ్డులో బాయిలర్ల మధ్య పనిచేసి చేసి ఆయన కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమది సగమే మిగిలింది. అన్నం తింటారా అని అడిగితే వీధి చివర వాళ్లకు కూడా వినపడాలి. టీచరమ్మ ఇంట్లో రహస్యాలు లేవని రైల్వే కాలనీ అంతా నవ్వుకుంటారు.

కాయలు కోసేశారు. ముక్కను పరీక్షకు పంపితే చెడ్డదేమీ కాదని వచ్చింది. ప్రభువుకు స్తోత్రం. కానీ లోపల పుండు మానకముందే గొంతు పెంచితే ఇక జన్మంతా గుసగుసే మిగులుతుందట.

గుసగుస ఆయనకు వినపడదు. ఆ మాట డాక్టరుగారితో అనలేదు. అనడానికి వీల్లేదు కదా.

28 ఫిబ్రవరి, భస్మ బుధవారం

నుదుట బూడిద పెట్టించుకుని వచ్చాను. మా ఫాదర్‌గారు ఇటలీ నుంచి వచ్చి తెలుగును బైబిలులోంచి నేర్చుకున్నారు. కూరగాయలామె దగ్గర కూడా “ఈ వంకాయలు ఎంతకు అమ్ముచున్నావు?” అంటారు. ఇవాళ నన్ను చూసి, “లూర్దమ్మా, అందరును ఈ తపస్కాలమున మాంసము మానుదురు. నీవు మాటలు మానుచున్నావు. నీదే కష్టము” అని నవ్వారు. నేను పలక మీద ‘అవును’ అని రాసి చూపించాను. పలక, బలపం ఇప్పుడు నా సంచిలోనే ఉంటున్నాయి.

4 మార్చి, ఆదివారం

నా బదులు యాకమ్మ పాట ఎత్తుకుంది. నాకేమీ అసూయ లేదు. మంచి పిల్ల, భక్తి ఉన్న పిల్ల. కాకపోతే పల్లవిని తీసుకెళ్లి అటక మీద పెట్టింది. చరణం దగ్గరికి వచ్చేసరికి ఎక్కడానికి మెట్లు లేక గుడి మొత్తం కిందనే నిలబడిపోయింది. పూజ అయ్యాక నా దగ్గరికి వచ్చి, “టీచరమ్మా, మంచిగనే పాడిన్నా?” అని అడిగింది. పలక మీద ‘బాగుంది’ అని రాశాను.

అబద్ధాలు రాయడం కూడా గొంతు కాపాడుకోవడంలో భాగమే కాబోలు. అసూయ అయితే లేదు.

7 మార్చి

పాలవాడు మళ్లీ నీళ్లు కలిపాడు. వాడి ముఖం చూస్తూ నిలబడ్డాను. వాడు భయపడి రేపటి నుంచి మంచి పాలు పోస్తానన్నాడు. ఇన్నాళ్లూ నేను అనవసరంగా అరిచానేమో!

10 మార్చి, శనివారం

ఒక వింత రాయాలి. ఆయన మాట్లాడుతున్నారు.

మా ఆయన నోట్లోంచి రోజుకు పది మాటలు రావడం గగనం. డ్యూటీ, అన్నం, బీడీ, నిద్ర. అలాంటి మనిషి నాలుగు రోజులుగా భోజనం దగ్గర కూర్చుని కబుర్లు చెబుతున్నారు. షెడ్డులో ఏ ఇంజన్ మొండిదో, ఏ ఇంజన్ మాట వింటుందో, అవి కూడా మనుషులేనన్నట్టు చెబుతున్నారు. ఇవాళ మా పెళ్లినాటి సంగతి తీశారు. నా ముక్కుపుడక వదులై పడిపోతే పందిట్లో వంగి వెతికింది ఆయనేనట. ఇన్నేళ్లు కాపురం చేశాను, నాకిది తెలియదు. ఎందుకు చెప్పలేదని పలక మీద రాశాను. కళ్లజోడు పెట్టుకుని నిదానంగా చదివారు.

“నువ్వు మాట్లాడుతాంటే నాకు సందు దొరకలే” అన్నారు.

నవ్వొచ్చింది. నవ్వినా గొంతు కదులుతుందేమోనని చెంగు అడ్డం పెట్టుకున్నాను. ఆయన మాత్రం నవ్వలేదు. గిన్నెలోకి చూస్తూ, “లూర్దమ్మా, నీ గొంతు రాకుంటె నేనేం ఇనాలె? పక్షులు ఇనవడవు. గుడి గంట ఇనవడది. నాకు ఇనవడేదే నీ గొంతు” అన్నారు.

బలపం సంచిలో పెట్టేశాను. ఈ రాత్రి జపమాలలో మరియతల్లిని ఒకటే అడిగాను. పాట వద్దమ్మా, బడి వద్దు. ఆయన చెవిలో పడేంత గొంతు ఇప్పించు చాలు.

14 మార్చి, బుధవారం

పాపసంకీర్తనానికి వెళ్లాను. నోటితో చెప్పలేను కాబట్టి పాపాలన్నీ పలక మీద రాసుకుని చెక్క జాలీ పక్క నుంచి లోపలున్న ఫాదర్‌గారికి అందించాను. ఒక సంగతి మరిచిపోయాను. ఫాదర్‌గారికి తెలుగు పైకి చదివితే గానీ బుర్రకెక్కదు.

“యా... యాక... యాకమ్మ మీద...” అని మొదలుపెట్టారు.

నా వెనక లైనులో నిలబడింది ఎవరు? యాకమ్మే. జాలీ మీద చేత్తో దబదబా కొట్టాను. ఫాదర్‌గారికి అర్థమై పాపం గప్‌చుప్ అయిపోయారు. తర్వాత జాలీ సన్నగా వణికింది. నవ్వాపుకుంటున్నారని తెలుస్తూనే ఉంది. పలకను తడిగుడ్డతో తుడిచి వెనక్కి ఇచ్చారు. పాపక్షమాపణ అంత కళ్లకు కట్టినట్టు నేనెప్పుడూ చూడలేదు.

యాకమ్మ బయట, “నన్ను పిలిచిన్రా?” అని అడిగింది. తల అడ్డంగా ఊపాను.

18 మార్చి, ఆదివారం

యాకమ్మ ఇవాళ కొంచెం కిందికి దిగింది. అసూయ లేదు.

24 మార్చి, శనివారం

ఇవాళ రాయలేను. తల్లీ, నీకు వందనం, నీకు వందనం, నీకు వందనం.

25 మార్చి, ఆదివారం

ఇవాళ రాయగలను.

నిన్న డాక్టరుగారికి గొంతు చూపించుకుందామని ఇద్దరం హనుమకొండ వెళ్లాం. చౌరస్తాలో బస్సు దిగాం. నా చెప్పు తెగితే దాన్ని సరిచేసుకుంటూ వెనకబడ్డాను. ఆయన నేను పక్కనే ఉన్నాననుకుని రోడ్డు దాటుతున్నారు. కుడివైపు నుంచి మిర్చి బస్తాల లారీ వస్తోంది, పోయిన చెవి వైపు నుంచి. డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు. ఆయన తాపీగా నడుస్తూనే ఉన్నారు.

అరిచాను.

ఏమయ్యా అనలేదు, ఇదిగో అనలేదు. ఇన్నేళ్లుగా ఆయన్ను పిలిచే పిలుపులేవీ ఆ క్షణాన నోటికి రాలేదు. ఆయన పేరు పెట్టి అరిచాను. పెళ్లయినప్పటి నుంచి నా నోటితో ఒక్కసారి కూడా అనని పేరు. మా అమ్మ నాన్న పేరు అనకుండానే పోయింది, మా అత్త మామ పేరు అనకుండానే పోయింది. రేషన్ ఆఫీసులో మీ ఆయన పేరేంటమ్మా అని అడిగితే పక్కనామెతో చెప్పించినదాన్ని. నడి చౌరస్తాలో గొంతు చించుకుని అరిచాను.

ఆయన ఆగారు. ఠక్కున ఆగి వెనక్కి తిరిగారు. లారీ ఆయన చొక్కాను రాసుకుంటూ పోయింది. జనం ఆయన చుట్టూ మూగారు. నేను ఎక్కడున్నదాన్ని అక్కడే కూలబడ్డాను. గొంతులో ఏదో పీలికలా చిరిగినట్టయింది. ఉమ్మితే ఎర్రగా కనిపించింది.

డాక్టరుగారి దగ్గరికి వెళ్లకుండానే తిరిగి వచ్చేశాం. ఆయన బెదిరిపోయి ఉన్నారు కాబట్టి వద్దన్నానని రాసుకుందాం. నిజం ఏమిటంటే, గొంతు పోయిందని డాక్టరు నోట వినే ధైర్యం నాకు లేదు.

26 మార్చి

అసలు సంగతి ఇప్పుడు మొదలైంది.

ఆయన్ను పిలిచింది నేనని ఆయనకు తెలియదు! ఎలా తెలుస్తుంది? నా నోట తన పేరు ఎప్పుడైనా విన్నారా? పైగా నేను మాట్లాడకూడదని ఆయనకు తెలుసు. వాకిట్లో కూర్చుని అందరికీ చెబుతున్నారు. “ఆడమనిషి గొంతు. పేరు వెట్టి పిలిసింది. నా చెవులకు డ్రైవరు హారనే ఇనవడలే, ఆ పిలుపు ఎట్ల ఇనవడ్డది? మరియమ్మ తల్లే పిలిసింది!”

పక్కింటి మహబూబ్‌బీ రెండు చేతులూ ఎత్తి, “అల్లా దయ, భాయ్. మరియమ్మను మేం గూడ మొక్కుతం” అంది.

నేను పలక తీసుకుని ‘అది నేను’ అని రాశాను. చూపించబోతూ ఆయన ముఖం చూశాను. చిన్నపిల్లవాడి ముఖంలా ఉంది. తుడిచేశాను.

29 మార్చి

నేను అరిస్తే పేరు ఆమెకా! గొంతు చిరిగింది నాది. ఎరుపు పడింది నా ఉమ్మిలో. అమ్మా మరియమ్మా, తప్పుగా అనుకోకు, నీ మీద నాకు కోపం లేదు. కానీ నువ్వైనా ఆయన కలలోకి వెళ్లి, పిలిచింది నీ పెళ్లామే అని ఒక మాట చెప్పొచ్చు కదా?

31 మార్చి, శనివారం

పొద్దున లేచేసరికి మంచం ఖాళీగా ఉంది. కంగారుపడ్డాను. ఆయన ప్రొద్దుటి పూజకు పోయారట! క్రిస్మసుకు, ఈస్టరుకు మాత్రమే వచ్చి ప్రసంగంలో కునుకు తీసే మనిషి. “దేవుడు ఉన్నడు తీ, నువ్వు చెప్తనే ఉన్నవ్ గద” అని అంతటితో సరిపెట్టే మనిషి. ఇంటికి వచ్చి నా జపమాల అడిగి తీసుకున్నారు. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియక సిలువను వదిలేసి మధ్యలో పట్టుకున్నారు. నేను వేలు పట్టి చూపించాను.

ఈస్టరు తర్వాతి ఆదివారం ఫాతిమామాతకు, అంటే మా గుడిలోని మరియమ్మ విగ్రహానికి, కొత్త చీర కట్టించి కృతజ్ఞత పూజ పెట్టిస్తానని మొక్కుకున్నారట. గుడిలో అందరి ముందు తనకు జరిగింది చెబుతారట. ఫాదర్‌గారిని అడిగి వచ్చారు కూడా.

ఇప్పుడు చెబితే ఆయన విశ్వాసం కూలిపోతుందా? చెప్పకపోతే నేను అబద్ధానికి చీర కట్టిస్తున్నానా? నా తల తిరుగుతోంది.

3 ఏప్రిల్, మంగళవారం

గుడిలో ఎవరూ లేని వేళ చూసి ఫాదర్‌గారి ఆఫీసు గదికి పోయాను. పలకకు రెండు వైపులా రాసి ఇచ్చాను. ఈసారి ఎంత గట్టిగా చదివినా ఫరవాలేదు.

చదివారు. మధ్యలో ఆగి నన్ను చూశారు. మళ్లీ చదివారు. తర్వాత కళ్లజోడు తీసి టేబిలు మీద పెట్టి, కళ్ల వెంట నీళ్లు వచ్చేదాకా నవ్వారు. నాకు ఒళ్లు మండింది. పలక లాక్కుని ‘నా గొంతు పోయి ఉండవచ్చు’ అని రాశాను. అప్పుడు నవ్వు ఆపారు.

“నీకు భయముగా నున్నదా?”

ఉందన్నట్టు తల ఊపాను. కళ్ల వెంట నీళ్లు వచ్చేశాయి.

“నాకును ఉండెడిది. నేను ఈ దేశమునకు వచ్చినప్పుడు ఒక్క మాటయు తెలియదు. ఒక సంవత్సరము నీవలెనే మూగవాడను. ఉప్పు కావలెనని అడుగుట తెలియక చప్పిడి కూర తింటిని. అప్పుడు దేవుని మీద మిక్కిలి కోపగించితిని. ఆయన ఏమియు అనలేదు. చప్పిడి కూర అలవాటాయెను.” అంత చెప్పి మళ్లీ కాస్త నవ్వారు. “లూర్దమ్మా, గొంతు ఇచ్చినవాడు ఎంత మిగల్చవలెనో అంత మిగల్చును. నీవు దానిని ప్రతి దినము గోకి చూడకుము, పుండు మానదు.”

మరి మా ఆయనతో చెప్పకపోవడం అబద్ధం కాదా అని రాసి చూపించాను.

“అబద్ధమాడుటకు నీకు ఇప్పుడు నోరెక్కడిది? గొంతు వచ్చిన దినమున నీ నోటితోనే చెప్పుము. పలక మీద వద్దు. పిలిచినది నోటితో కదా.”

గుమ్మం దాటాక వెనక నుంచి మళ్లీ నవ్వు వినిపించింది. ఈసారి నాకూ నవ్వొచ్చింది. ఇంటికి వచ్చేదాకా చెంగు అడ్డం పెట్టుకునే నడిచాను.

5 ఏప్రిల్

గొంతును గోకి చూడడం లేదు. అంటే, ఇవాళ ఒక్కసారే చూశాను.

8 ఏప్రిల్, మట్టల ఆదివారం

ఆయన ఈతమట్ట పట్టుకుని ఊరేగింపులో అందరికంటే ముందు నడిచారు. వెనక పాట ఎక్కడిదాకా వచ్చిందో వినపడక, అందరూ ఆగినా ఈయన హోసన్నా అంటూ ఒక్కరే సాగిపోయారు. పిల్లలు పరుగెత్తి వెనక్కి తెచ్చారు. కడుపు నిండిపోయింది.

13 ఏప్రిల్, పవిత్ర శుక్రవారం

క్రీస్తు శ్రమల పాట ప్రతి ఏడూ నేనే పాడేదాన్ని. ఇవాళ యాకమ్మ మొదలుపెట్టింది. మూడో చరణంలో ఆమెకు ఏడుపు వచ్చి గొంతు పూడుకుపోయింది. ఆడవాళ్లందరూ ఏడుస్తూనే అందుకుని ముగించారు. నేను పాడినన్ని ఏళ్లలో ఎవరూ అందుకోలేదు. అందుకునే సందు నేను ఇచ్చిందెప్పుడు?

అసూయ ఉండింది. ఇవాళ లేదు. ఈ మాట నిజం.

15 ఏప్రిల్, ఈస్టరు

అల్లెలూయ. పెదవులతోనే అన్నాను. మహబూబ్‌బీ ఇంటికి మా ఇంటి పాయసం పంపాను.

17 ఏప్రిల్, మంగళవారం

డాక్టరుగారు అద్దం పెట్టి చాలాసేపు చూశారు. పుండు మానిందన్నారు. ఏదైనా ఒక మాట అనమన్నారు.

మొదటి మాట దేవునికే అని ఎప్పుడో అనుకున్నాను. “స్తోత్రం” అన్నాను. మోరీ కాలువలో నీళ్లు పారినట్టు బొంగురుగా వచ్చింది. నా గొంతని నాకే నమ్మకం కుదరలేదు.

పక్కనే కూర్చున్న ఆయన నా పెదవులు చూసి, డాక్టరుగారి వైపు తిరిగి, “ఏమన్నది సార్?” అని అడిగారు.

నా మాట ఆయన చెవిలో పడలేదు.

నాలుగు మాటలు మామూలుగా మాట్లాడుకోవచ్చట. ఇంతకంటే పెద్దగా పెరగదట. అరవడం, పాడడం ఇక మరిచిపోవాలట. నేను మధ్యలో ఒకసారి అరిచానని ఆ బొంగురు గొంతుతోనే డాక్టరుగారికి చెప్పాను. డాక్టరుగారు ఆలోచించి, “అరవకుండా ఉంటే ఇంకొంచెం వచ్చేదేమో. చెప్పలేమమ్మా” అన్నారు.

“ఏమంటాండు?” అని మా ఆయన నన్ను అడిగారు. పలక తీసి ‘అంతా మంచిదే’ అని రాశాను.

ఆ ‘ఇంకొంచెం’ ఎక్కడికి పోయిందో నాకు తెలుసు. ఈ రాత్రి నా ఎదురుగా పీట మీద కూర్చుని పప్పు మళ్లీ వెయ్యమని కంచం చాపింది. వేశాను. నెయ్యి కూడా వేశాను. నాకు ఏ నష్టమూ జరగలేదు ప్రభువా, ఏ నష్టమూ జరగలేదు.

21 ఏప్రిల్, శనివారం

రేపే కృతజ్ఞత పూజ. చీర తెచ్చారు. తెల్ల చీర, నీలం అంచు. రేపు గుడిలో చెప్పాల్సింది పొద్దున్నుంచి తనలో తాను వల్లె వేసుకుంటున్నారు. ఇంక ఆలస్యం చేస్తే లాభం లేదని, సాయంత్రం వంటింట్లోకి పిలిచి ఎడమ చెవి దగ్గర నిలబడి మొదలుపెట్టాను.

“ఆ రోజు చౌరస్తాలో...”

“ఆఁ?”

“చౌరస్తాలో లారీ వచ్చినప్పుడు...”

“లారీ ఎవలు తెస్తాండ్లు? చీర నేనే చేతుల వట్టుకపోత.”

ఇంకా దగ్గరికి జరిగి మూడోసారి చెప్పాను. తల ఊపి, “జర ఉప్పు తక్కువెయ్” అన్నారు. వినపడినట్టు నటించడం ఆయనకు పాత అలవాటే. పొయ్యి దగ్గర పీట మీద అటు తిరిగి కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీయడం మొదలుపెట్టారు. నాకు ఏడుపొచ్చింది. పలక ఎదురుగానే ఉంది. రెండు మాటలు రాస్తే సరిపోతుంది. చెయ్యి చాపి, మళ్లీ వెనక్కి తీసుకున్నాను.

ఆయన వీపు వెనక, ఎడమ చెవి వైపు నిలబడి పేరు పెట్టి పిలిచాను. అరవలేదు. ఉన్న గొంతుతోనే పిలిచాను.

చిక్కుడుకాయలు ఒళ్లోంచి జారిపోయాయి. గబుక్కున లేచి నిలబడ్డారు. గోడకున్న మరియమ్మ పటం వైపు తిరిగి రెండు చేతులూ జోడించారు. పటం ఇంకేమీ అనకపోయేసరికి గుమ్మం వైపు చూశారు. అక్కడా ఎవరూ లేరు. అప్పుడు నా వైపు తిరిగారు.

“నువ్వా?”

తల ఊపాను.

“ఆ దినం గూడ?”

ఊపాను. ఆయన కళ్లు నా గొంతు మీద పడ్డాయి. కోత పడిన మనిషి అరవకూడదని డాక్టరు చెప్పిన మాట ఆయనకు గుర్తొచ్చిందని నాకు తెలిసింది. నాకు భయం వేసింది. చీర మూలన పెట్టేస్తారేమో, రేపటి నుంచి పూజకు పోనంటారేమో, నా మీద కోపం వస్తుందేమో అనుకున్నాను.

ఆయన మళ్లీ పటం వైపు చూసి ఒక నమస్కారం పెట్టారు, బాకీ పడినట్టు. తర్వాత నా దగ్గరికి వచ్చి తల వంచి, ఎడమ చెవిని నా నోటి దగ్గర పెట్టారు.

“మల్లొక్కపారి పిలువు” అన్నారు.

పిలిచాను. నోటితో అన్నాక చేత్తో రాయడానికి సిగ్గెందుకు? శౌరయ్యా అని పిలిచాను.